రీమ్యాచ్ అన్నారు, ఏదీ? ఆస్పినాల్–గాన్ నుంచి జోన్స్–కార్మియే దాకా

బరిగీత (విజయవాడ)

2025 అక్టోబర్ 25న అబుదాబిలో యూఎఫ్‌సీ కార్డు. యూఎఫ్‌సీ అంటే ఎమ్ఎమ్ఏ (గుద్దులు, కిక్కులు, కుస్తీ కలిసిన బోను ఆట) నడిపే పెద్ద కంపెనీ, కార్డు అంటే ఒక రాత్రి ఫైట్ల వరస. మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉన్నా మేలుకుని కూర్చున్నాను. మన టైములో మెయిన్ కార్డు మొదలయ్యేదే రాత్రి పదకొండున్నరకి. హెవీవెయిట్ టైటిల్ ఫైట్ వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి, ఫ్లాస్కులో టీ అయిపోయింది. చివరికి చూసిందేంటంటే 4 నిమిషాల 35 సెకన్ల ఆట. సిరిల్ గాన్ వేళ్ళు టామ్ ఆస్పినాల్ కళ్ళల్లోకి వెళ్ళాయి, ఆస్పినాల్ కనపడట్లేదన్నాడు, నో కాంటెస్ట్, అంటే ఎవరూ గెలవనట్టు. జనం అరుపులు, తిట్లు. మళ్ళీ పెట్టాల్సిందే అని ఆ రాత్రే అందరూ అన్నారు. ఆ "మళ్ళీ" అంత తేలిగ్గా రాదని మనకి తర్వాత అర్థమైంది.

నా ప్రశ్న ఈ ఒక్క ఫైట్ గురించి కాదు. క్రికెట్‌లో పెద్ద ఫైనల్‌కి వర్షమొస్తే రిజర్వ్ డే ఉంటుంది. ఇక్కడ ఇద్దరు మనుషులు, ఒక బోను, ఇరవై అయిదు నిమిషాలు, అంతే కదా కావాల్సింది. అందరూ అడిగే రీమ్యాచ్‌లకే రెండేళ్ళు, మూడేళ్ళు, అయిదేళ్ళు ఎందుకు పడుతోంది?

నా అనుమానం ఏంటంటే కంపెనీయే కావాలని సాగదీస్తుంది. ఆకలి పెంచితే టికెట్లు అమ్ముడవుతాయి. కాదంటారా, ఉదాహరణలతో చెప్పండి. "గాయాలు" అని ఒక్క ముక్క రాసేసి వెళ్ళిపోకండి.

కోనసీమ_కిక్

గాయాలు.

దమ్_బిర్యానీ

బరిగీత అన్నా, నీ అనుమానమే నాదీ. మూత పెట్టి, పిండి రాసి, దమ్ ఇస్తారు. ఆవిరి బయటికి పోనివ్వరు. మనం వాసన చూస్తూ కూర్చోవాలి.

కంటిపాప_లక్ష్మి (రాజమండ్రి)

కిక్ గారు నవ్వించారు కానీ ఆస్పినాల్ విషయంలో ఆ ఒక్క ముక్కే నిజం. నేను కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ ఫైట్ తర్వాత అతని రెండు కళ్ళకీ దెబ్బవల్ల వచ్చిన బ్రౌన్స్ సిండ్రోమ్ అని వైద్య నివేదిక బయటపెట్టారు. చాలామంది "కంట్లో వేలు తగిలితే వారంలో తగ్గదా" అని రాశారు. పైపొర గీసుకుంటే నిజంగానే కొద్దిరోజుల్లో తగ్గుతుంది. ఇది పైపొర సంగతి కాదు. కంటిని తిప్పే కండరాల్లో ఒకటి ముక్కు వైపు ఎముక దగ్గర చిన్న గిలకలోంచి వెళ్ళి కంటికి అతుక్కుంటుంది. అచ్చం బావి గిలకలో చేద తాడులాగే. ఆ గిలక దగ్గర దెబ్బ తగిలి వాచినా, తాడు ఇరుక్కున్నా, ఆ కన్ను ముక్కు వైపు తిప్పి పైకి చూడటం కష్టమవుతుంది. ఒకటి రెండుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే మనిషిని బోనులో ఊహించుకోండి. వచ్చే గుద్దులు రెండు కనిపిస్తే దేన్ని తప్పించుకుంటాడు? ఏ డాక్టరూ దీనికి "ఆరు వారాలు" అని తేదీ వేసి ఇవ్వరు. వాపు తగ్గాలి, అవసరమైతే ఆపరేషన్, మళ్ళీ కొలతలు. విరిగిన ఎముకకి ఉండే లెక్క కంటికి ఉండదు.

ఇంకొకటి. ప్రతి ఈవెంట్ తర్వాత అక్కడి అథ్లెటిక్ కమిషన్ (ఆటగాళ్ళకి లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) మెడికల్ సస్పెన్షన్ల జాబితా ఇస్తుంది. "180 రోజులు, లేదా డాక్టరు సర్టిఫికెట్ వచ్చేదాకా" అని ఉంటుంది చూడండి. అది శిక్ష కాదు. ఇంట్లో కూర్చోమని చెప్పడం.

బరిగీత

లక్ష్మి గారూ, గిలక మాటతో మొత్తం అర్థమైంది. సరే, ఈ కేసులో నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క కేసులోనే.

పాయింట్లపద్దు

రీమ్యాచ్ ఆలస్యాల మీద ఎవరైనా పాఠం చెప్పాలంటే జాన్ జోన్స్–డేనియల్ కార్మియే ఒక్కటి చాలు. అన్ని రోగాలూ ఒకే ఒంట్లో ఉన్నాయి.

అసలు మొదటి ఫైటే ఆలస్యం. 2014 సెప్టెంబర్‌లో జరగాలి. దానికి ముందు ఆగస్టులో లాస్ వేగస్ హోటల్ లాబీలో, ప్రెస్ ముందరే, ఇద్దరూ కలబడి స్టేజీ మీది బ్యాక్‌డ్రాప్ కూల్చారు. తర్వాత జోన్స్‌కి గాయం, ఫైట్ 2015 జనవరి 3కి వెళ్ళింది. జోన్స్ పాయింట్ల మీద గెలిచాడు.

అక్కడి నుంచి చూడండి. 2015 ఏప్రిల్‌లో జోన్స్ కారుతో గుద్ది పారిపోయిన కేసు, చాంపియన్ బెల్టు ఊడింది. మే నెలలో ఆ ఖాళీ బెల్టు కార్మియే గెలిచాడు. జోన్స్ తిరిగొచ్చాక 2016 ఏప్రిల్ 23కి రీమ్యాచ్ పెట్టారు. ఈసారి కార్మియే కాలికి దెబ్బ. జులై 9కి, యూఎఫ్‌సీ 200కి మార్చారు. మూడు రోజుల ముందు, జులై 6న, జోన్స్ డోపింగ్ పరీక్షలో దొరికాడు. ఏడాది నిషేధం. చివరికి 2017 జులై 29న అనహైమ్‌లో జరిగింది. మూడో రౌండ్‌లో తలకి కిక్, కార్మియే పడిపోయాడు, బోనులోనే ఏడ్చాడు.

రెండేళ్ళ ఏడు నెలలు ఆగి చూసిన ఆ ఫలితం కూడా మిగల్లేదు. జోన్స్ మళ్ళీ దొరికాడు, ఈసారి ట్యురినబాల్ అనే స్టెరాయిడ్. నో కాంటెస్ట్. రికార్డు ప్రకారం ఆ రీమ్యాచ్‌లో ఎవరూ గెలవలేదు.

దమ్ బ్రో, ఇందులో కంపెనీ సాగదీసింది ఎక్కడ? యూఎఫ్‌సీ 200 అంటే వాళ్ళ ఇంటి పెళ్ళి. మూడు రోజుల ముందు పెళ్ళికొడుకుని పోగొట్టుకోవాలని ఎవరనుకుంటారు?

దమ్_బిర్యానీ

ఒప్పుకుంటాను. కానీ ఆ పెళ్ళికి జోన్స్ మొదటి పెళ్ళికొడుకు కాదుగా?

పాయింట్లపద్దు

హహ, అది చెప్పాలి. యూఎఫ్‌సీ 200కి మొదట అనుకున్న మెయిన్ ఈవెంట్ ఇంకో రీమ్యాచ్, మెక్‌గ్రెగర్–నేట్ డియాజ్. అది ఊడింది. దాని చోటికి జోన్స్–కార్మియే వచ్చింది. అదీ ఊడింది. కార్మియేకి ప్రత్యర్థిగా ఆండర్సన్ సిల్వా రెండు రోజుల నోటీసు మీద వచ్చాడు. పైన బ్రాక్ లెస్నర్–మార్క్ హంట్ ఉంచారు, మళ్ళీ మార్చి మీషా టేట్–అమాండా న్యూనెస్‌ని పైకి తెచ్చారు. ఆ తర్వాత లెస్నర్ కూడా డోపింగ్‌లో దొరికి అతని గెలుపు కూడా నో కాంటెస్ట్ అయింది. శుభలేఖలు ఎన్నిసార్లు అచ్చేశారో.

కొత్తగా_చేరా

అందరికీ నమస్కారం. ఖబీబ్–టోనీ ఫెర్గూసన్ రీమ్యాచ్ సంగతి ఎవరూ రాయలేదేంటి? అయిదుసార్లు క్యాన్సిల్ అయింది కదా.

కోనసీమ_కిక్

తమ్ముడూ, మ్యాచ్ జరిగితే కదా రీమ్యాచ్.

పాయింట్లపద్దు

కొత్తవాళ్ళని ఆటపట్టించకు కిక్. తమ్ముడూ, వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా తలపడలేదు. 2015లో ఖబీబ్ పక్కటెముక, 2016లో ఫెర్గూసన్ ఊపిరితిత్తుల్లో నీరు, 2017లో బరువు తగ్గబోయి ఖబీబ్ ఆసుపత్రి పాలు, 2018లో టీవీ స్టూడియోలో వైరు తట్టుకుని ఫెర్గూసన్ మోకాలు, 2020లో కోవిడ్. అది వేరే దురదృష్టం, దానికి వేరే దారం (చర్చ) పెట్టాలి.

నిర్వాహకుడు

దానికి పాత దారం ఉంది, 60 పేజీలు. అక్కడికే వెళ్ళండి. ఇక్కడ రీమ్యాచ్‌లే.

మాంచెస్టర్_మురళి

2024 జులై 27, యూఎఫ్‌సీ 304, మా ఊళ్ళోనే. నేను హాల్లో ఉన్నాను. అమెరికా టీవీ టైము కోసం మెయిన్ కార్డు తెల్లవారుజామున మూడింటికి పెట్టారు, మీకు ఇండియాలో ఆదివారం పొద్దున్న ఏడున్నర, ఇడ్లీ తింటూ చూసుంటారు. మేం మాత్రం నిద్రమొహాలతో బీరు గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. బయటికొచ్చేసరికి తెల్లారిపోయింది.

ఆ రాత్రి పైన ఉన్న రెండు ఫైట్లూ బాకీ పడ్డ రీమ్యాచ్‌లే. ఒకే హాల్లో రెండు రకాల ఆలస్యం చూశాను, అందుకే రాస్తున్నా.

మొదటిది ఆస్పినాల్–బ్లేడ్స్. 2022 జులైలో లండన్‌లో మొదటిసారి తలపడినప్పుడు ఆస్పినాల్ ఒక కిక్ వేసి కింద పడ్డాడు, మోకాలు పోయింది, పదిహేను సెకన్లలో ఫైట్ ముగిసింది. ఆపరేషన్, ఏడాది విశ్రాంతి. తిరిగొచ్చి తాత్కాలిక బెల్టు కూడా గెలిచాడు. అసలు చాంపియన్ జోన్స్ ఏమో ఛాతీ కండరం తెగి, స్టీపే మియోచిచ్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆస్పినాల్ ఖాళీగా కూర్చోలేక తాత్కాలిక బెల్టునే పణంగా పెట్టి బ్లేడ్స్‌తో దిగాడు. అరవై సెకన్లలో పని అయిపోయింది. రెండేళ్ళు పట్టింది, కానీ ఎందుకు పట్టిందో అందరికీ తెలుసు. మోకాలు.

రెండోది లియన్ ఎడ్వర్డ్స్–బెలాల్ మొహమ్మద్. దీనికీ మొదలు కంట్లో వేలే. 2021 మార్చిలో రెండో రౌండ్ మొదలైన పద్దెనిమిది సెకన్లకి ఎడ్వర్డ్స్ వేలు బెలాల్ కంట్లోకి వెళ్ళింది, నో కాంటెస్ట్. బెలాల్ నొప్పితో ఏడ్చాడు. అతని కన్ను మాత్రం తొందరగానే కోలుకుంది, ఆ జూన్‌లోనే ఇంకో ఫైట్ చేశాడు. మరి రీమ్యాచ్‌కి మూడేళ్ళ నాలుగు నెలలు ఎందుకు పట్టింది? ఇక్కడ గాయం లేదు, డోపింగ్ లేదు.

ఎందుకంటే ఎడ్వర్డ్స్‌కి దాని అవసరం లేదు. డియాజ్‌తో ఫైట్ దొరికింది, పేరు పెరిగింది. 2022 ఆగస్టులో ఉస్మాన్‌తో టైటిల్ ఫైట్. అదీ రీమ్యాచే, 2015 నాటి ఓటమికి. అయిదో రౌండ్‌లో ఇంకో నిమిషం ఉండగా తలకి కిక్, బెల్టు. తర్వాత లండన్‌లో ఉస్మాన్‌తో మూడోది. తర్వాత కోవింగ్టన్. బెలాల్ ఈలోగా స్టీవెన్ థాంప్సన్, లూకే, బ్రేడీ, బర్న్స్, ఎదురొచ్చిన వాళ్ళందర్నీ ఓడిస్తూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అతని ఆట చూడటానికి బోరు అని జనం, కంపెనీ, అందరం అన్నాం. నేనూ అన్నాను.

చివరికి దక్కినప్పుడు మా వాణ్ణి పదేపదే కింద పడేసి, అయిదు రౌండ్ల తర్వాత పాయింట్ల మీద గెలిచి బెల్టు పట్టుకుపోయాడు. మా పక్క వరసలో ఒక పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద కొట్టుకున్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు.

బరిగీత

మురళీ, ఈ తేడా నాకు తట్టలేదు. మోకాలు ఆపితే రెండేళ్ళు. అక్కర లేకపోతే మూడేళ్ళు పైన.

దమ్_బిర్యానీ

నేను చెప్పిందీ అదేగా! కంపెనీ అనుకుంటే బెలాల్‌కి 2022లోనే ఇవ్వొచ్చు. అమ్ముడుపోడని ఆపారు.

మాంచెస్టర్_మురళి

దమ్ బ్రో, నువ్వన్నది ఆకలి పెంచడానికి ఆపారని. ఇక్కడ ఆకలే లేదని ఆపారు. రెండూ ఒకటి కాదు.

బాక్సింగ్_బాబాయ్ (విశాఖ)

పిల్లలూ, మా ఆటలో దీనికో మందు ఉంది. రీమ్యాచ్ క్లాజు. మొదటి ఫైట్ సంతకం పెట్టేటప్పుడే, ఓడితే మళ్ళీ ఇవ్వాలి అని రాసుకుంటారు. 2024 మే 18న ఉసిక్ చేతిలో ఫ్యూరీ ఓడాడు. డిసెంబర్ 21కల్లా రెండో ఫైట్ కూడా అయిపోయింది. ఏడు నెలలు.

అదే ఫ్యూరీకి ఇంతకుముందు ఈ క్లాజే మెడకి చుట్టుకుంది. 2021లో జాషువాతో ఫైట్ దాదాపు కుదిరిపోయింది. వైల్డర్ వైపు వాళ్ళు మధ్యవర్తి దగ్గరికి వెళ్ళి, మా మూడో ఫైట్ బాకీ ఉంది అని గెలిచారు. జాషువా ఫైట్ గాల్లో కలిసింది, ఫ్యూరీ వైల్డర్‌తోనే దిగాల్సి వచ్చింది. కాగితం అంటే అదీ.

మీ బోను ఆటలో ఆ కాగితం ఏది?

పాయింట్లపద్దు

బాబాయ్ గారు అసలు నాడి పట్టుకున్నారు. బాక్సింగ్‌లో ఇద్దరు ఆటగాళ్ళకి ఇద్దరు ప్రమోటర్లు, కాబట్టి కాగితం రాసుకోవాల్సిందే. యూఎఫ్‌సీలో ఇద్దరికీ యజమాని ఒక్కడే. ఒప్పందం ఆటగాడికీ కంపెనీకీ మధ్యే, ఆటగాడికీ ఆటగాడికీ మధ్య కాదు. ఎవరితో ఎప్పుడు అనేది కంపెనీ ఇష్టం. అమెరికాలో బాక్సర్లకి రక్షణగా ఉన్న అలీ చట్టం ఎమ్ఎమ్ఏకి వర్తించదు. ఆటగాళ్ళ మీద పట్టు ఎక్కువైందనే పాత ఫైటర్లు కోర్టుకి వెళ్ళారు, 37 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీకి 2025లో కోర్టు ఆమోదం వచ్చింది.

విచిత్రం ఏంటంటే యజమాని ఒక్కడే అయితే రీమ్యాచ్‌లు తేలిగ్గా కుదరాలి. చాలాసార్లు కుదురుతాయి కూడా. కానీ ఓడినవాడి చేతిలో హక్కు ఉండదు. అడగడం ఒక్కటే ఉంటుంది.

దమ్_బిర్యానీ

ఓడినవాడు మెక్‌గ్రెగర్ అయితే?

పాయింట్లపద్దు

అప్పుడు అడగక్కర్లేదు, అదే నేను రాయబోతున్నా :)

2016 మార్చి 5. మెక్‌గ్రెగర్ అసలు దిగాల్సింది దోస్ అంజోస్‌తో. అతని పాదం విరిగితే డియాజ్ పదకొండు రోజుల నోటీసు మీద వచ్చి, రెండో రౌండ్‌లో మెడ పట్టి గెలిచాడు. ఓడినవాడే వెంటనే అదే బరువులో మళ్ళీ కావాలన్నాడు. జులైలో యూఎఫ్‌సీ 200కి పెట్టేశారు, నాలుగు నెలల్లోనే. మధ్యలో ప్రచారానికి లాస్ వేగస్ రమ్మంటే, ట్రైనింగ్ పాడవుతుంది రాను అన్నాడు. కంపెనీ కార్డులోంచి తీసేసింది. అతను రిటైర్ అవుతున్నానని ట్వీట్ పెట్టాడు. ఇదంతా ఏప్రిల్‌లో. ఆగస్టు 20కి ఫైట్ జరిగిపోయింది. ఆరు వారాల ఆలస్యం, అది కూడా ప్రెస్‌మీట్ గొడవ వల్ల.

పారితోషికం చూడండి. మొదటి ఫైట్‌కి కమిషన్‌కి చూపిన లెక్కలో మెక్‌గ్రెగర్‌కి 10 లక్షల డాలర్లు, డియాజ్‌కి 5 లక్షలు. రీమ్యాచ్‌కి 30 లక్షలు, 20 లక్షలు. ఓడినవాడి జీతం మూడు రెట్లు అయింది, గెలిచినవాడిది నాలుగు రెట్లు. ఇద్దరికీ కావాలి, కంపెనీకి కావాలి. అందుకే అంత తొందరగా జరిగింది.

అదే మూడో ఫైట్? ఒకటి ఒకటి సమం. జనానికి కావాలి. మెక్‌గ్రెగర్ రెండో బెల్టుకి వెళ్ళాడు, తర్వాత మేవెదర్‌తో బాక్సింగ్ సొమ్ము. డియాజ్ మూడేళ్ళు బోనులోకే రాలేదు, 2022లో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. ఆ మూడోది ఇప్పటికీ బాకీయే.

కోనసీమ_కిక్

అంటే దమ్ ఎక్కువైతే అడుగంటుతుంది అన్నమాట.

దమ్_బిర్యానీ

నా పేరుతోనే నన్ను కొడుతున్నారు.

రెండోరౌండ్_రమ

మీరంతా డబ్బు దగ్గరే ఆగిపోయారు. కమిషన్లని మర్చిపోయారు. కేన్ వెలాస్కెజ్–వెర్డూమ్ గుర్తుందా? 2015 జూన్‌లో మెక్సికో సిటీలో వెర్డూమ్ గెలిచాడు. 2016 ఫిబ్రవరికి రీమ్యాచ్, కేన్ నడుము పట్టేసి తప్పుకున్నాడు, వెనకాలే వెర్డూమ్ కూడా తప్పుకున్నాడు. అదే ఏడాది డిసెంబర్ 30కి మళ్ళీ పెట్టారు. ఫైట్‌కి ముందు కేన్ ఒక ఇంటర్వ్యూలో, ఈ ఫైట్ అవగానే నడుముకి ఆపరేషన్ ఉంది అని నిజాయితీగా చెప్పేశాడు. నెవాడా కమిషన్ వాళ్ళు అది చూసి, ఆపరేషన్ కావాల్సిన మనిషిని మేం బోనులోకి పంపం అని లైసెన్సు ఇవ్వలేదు. ఫైట్ పోయింది. మళ్ళీ ఎప్పటికీ జరగలేదు. నోరు మూసుకుని ఉంటే జరిగేదేమో. కానీ అలా జరిగితే మంచిదా అంటే, నాకు కమిషన్ చేసిందే సరైనది అనిపిస్తుంది.

దానికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది జోన్స్–గుస్తాఫ్సన్. 2013లో టొరంటోలో మొదటిది, నేను చూసిన టైటిల్ ఫైట్లలో దాన్ని మించింది లేదు. ఇద్దర్నీ ఫైట్ అవగానే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రీమ్యాచ్ 2014లోనే అనుకున్నారు, గుస్తాఫ్సన్ మోకాలు పోయింది, ఆ ఖాళీలోకే పద్దు గారు రాసిన కార్మియే వచ్చాడు. చివరికి 2018 డిసెంబర్ 29. దానికి వారం ముందు జోన్స్ శాంపిల్‌లో పాత మందు అవశేషం మళ్ళీ కనిపించింది, నెవాడా వెంటనే లైసెన్సు ఇవ్వనంది. కంపెనీ ఏం చేసింది? మొత్తం కార్డునే లాస్ వేగస్ నుంచి లాస్ ఏంజెలెస్ పక్కకి ఎత్తుకుపోయింది. టికెట్లు కొన్నవాళ్ళు, హోటళ్ళు బుక్ చేసుకున్నవాళ్ళు, క్రిస్మస్ పూట. కేన్ కోసం మాత్రం రాష్ట్రం మార్చలేదు చూశారా?

అయిదేళ్ళ మూడు నెలలు ఆగి చూస్తే ఆ రెండోది మూడో రౌండ్‌లోనే తేలిపోయింది. 2013 నాటి గుస్తాఫ్సన్ అక్కడ లేడు.

బరిగీత

ఆ చివరి వాక్యం గుచ్చుకుంది రమ గారూ. మనం అడిగేది ఆ ఇద్దర్నే, ఆ వయసులోనే.

రెండోరౌండ్_రమ

ఇంకొకటి, త్వరగా. న్యూనెస్–షెవ్‌చెంకో రీమ్యాచ్ 2017 జులై 8. జనం టికెట్లు పట్టుకుని బయల్దేరారు, న్యూనెస్‌కి సైనస్ సమస్య. డాక్టర్లు సరే అన్నా ఆమె దిగలేనంది. ఫైట్ రోజునే రద్దు. యూఎఫ్‌సీ అధిపతి డానా వైట్ బహిరంగంగా మండిపడ్డాడు. రెండు నెలల తర్వాత ఎడ్మంటన్‌లో దిగి గెలిచింది. ఆ రోజు ఆమెని తిట్టినవాళ్ళు చాలామంది తర్వాత ఆమెని ఆల్‌టైమ్ గ్రేట్ అన్నారు.

పాయింట్లపద్దు

ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఖాళీని ఇంకొకడు ఎత్తుకుపోవడం. వైడ్‌మన్–రాక్‌హోల్డ్ రీమ్యాచ్ 2016 జూన్ 4కి ఖరారైంది. రెండున్నర వారాల ముందు వైడ్‌మన్ మెడకి గాయం. సినిమా షూటింగ్‌లో ఉన్న మైఖేల్ బిస్పింగ్‌ని పిలిచారు. అతనికి రాక్‌హోల్డ్ మీద పాత ఓటమి ఉంది, అంటే ఒక రీమ్యాచ్ పోయి అదే కుర్చీలో ఇంకో రీమ్యాచ్ కూర్చుంది. మొదటి రౌండ్‌లోనే రాక్‌హోల్డ్ నాకౌట్. వైడ్‌మన్ అడగాల్సిన బెల్టు ఇంకెవరి నడుముకో వెళ్ళిపోయింది. 2018లో న్యూయార్క్‌లో మళ్ళీ పెట్టారు. ఈసారి రాక్‌హోల్డ్‌కి గాయం. అంతే, అది ఇక లేదు.

2023 అక్టోబర్‌లో మఖచేవ్–ఒలివీరాదీ అదే కథ. ఒలివీరా కనుబొమ్మ ట్రైనింగ్‌లో తెగింది, పదకొండు పన్నెండు రోజుల ముందు వోల్కనోవ్‌స్కీ వచ్చాడు. మళ్ళీ ఒక రీమ్యాచ్ బదులు ఇంకో రీమ్యాచ్. ట్రైనింగ్ లేకుండా వచ్చి మొదటి రౌండ్‌లో కిక్ తిన్నాడు. ఒలివీరా బాకీ ఒలివీరాకి ఉండిపోయింది.

తాలీం_తమ్ముడు (హైదరాబాద్)

పెద్దవాళ్ళ మధ్య చిన్న కథ చెప్పనా. మా తాత, నాన్న పాతబస్తీ తాలీంలో కుస్తీ పట్టినవాళ్ళు. నేను అక్కణ్ణుంచి ఎమ్ఎమ్ఏకి వచ్చాను. 2019లో ఒక అమెచ్యూర్ కార్డులో 66 కిలోల బరువులో దిగాను. స్ప్లిట్ డెసిషన్‌లో ఓడాను, అంటే ఇద్దరు జడ్జీలు వాడికి, ఒకరు నాకు. ఇప్పటికీ నేనే గెలిచానంటాను, మా అమ్మ కూడా అంటుంది. మూడు నెలల్లో రీమ్యాచ్ అని వాడూ నేనూ అక్కడే చేతులు కలుపుకున్నాం.

మొదటి తేదీకి వాడికి టైఫాయిడ్. రెండో తేదీ నా డిగ్రీ సప్లిమెంటరీ రోజే పడింది. మూడోసారి అంతా సిద్ధం, బరువు కూడా దిగాను, నాలుగు రోజులు ఉప్పు ముట్టలేదు. ముందు రోజు సాయంత్రం నిర్వాహకులు ఫోన్ చేశారు. హాలు లేదట. ఫంక్షన్ హాల్ ఓనరుకి అదే రోజు పెళ్ళి బుకింగ్ వచ్చింది, వాళ్ళు డబుల్ ఇచ్చారు. ముహూర్తాల సీజన్ కదా. ఆ రాత్రి నేను తిన్న బిర్యానీ గురించి దమ్ అన్నకి విడిగా రాస్తాను.

తర్వాత 2020 మార్చి. చెప్పక్కర్లేదు.

పాయింట్లపద్దు

తమ్ముడూ, నీ ఫంక్షన్ హాల్ కథ ఆండర్సన్ సిల్వాకి కూడా జరిగింది తెలుసా? 2010లో చేల్ సోనెన్ అతన్ని నాలుగు రౌండ్లు చితకబాది, అయిదో రౌండ్‌లో ట్రయాంగిల్‌లో (కాళ్ళతో మెడ బిగించే పట్టు) దొరికిపోయాడు. రీమ్యాచ్‌కి దాదాపు రెండేళ్ళు పట్టింది, మొదట సోనెన్ డోపింగ్, తర్వాత రియల్ ఎస్టేట్ మనీ లాండరింగ్ కేసు, కమిషన్ సస్పెన్షన్. అవన్నీ దాటి 2012 జూన్‌లో బ్రెజిల్‌లో పెట్టుకుంటే, అదే వారం రియోలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు. ఊళ్ళో హోటల్ గదుల్లేవు. ఫైట్ జులై 7కి లాస్ వేగస్‌కి వెళ్ళిపోయింది. సిల్వా సొంత జనం ముందు జరగాల్సింది.

తాలీం_తమ్ముడు

అంటే నేనూ సిల్వా ఒకటే అన్నమాట. మా అమ్మకి చెప్తాను.

బరిగీత

ఇంత చదివాక నా మొదటి పోస్టు కొంచెం దిద్దుకుంటాను. కంపెనీ ఆకలి కోసం ఆపుతుందన్నది చాలా కేసుల్లో నిలబడలేదు. పెద్ద రీమ్యాచ్ పోతే వాళ్ళకే ఎక్కువ నష్టం. కానీ బెలాల్, కేన్ విషయాలు చూస్తే వాళ్ళు ఎవరి కోసం పరుగెడతారో, ఎవర్ని వరసలో నిలబెడతారో కూడా కనిపించింది. దమ్ బ్రో, నీకూ నాకూ సగం మార్కులు.

లక్ష్మి గారూ, ఒక్క సందేహం. వేళ్ళు లోపలికి వంగి ఉండే గ్లవ్ పెడితే ఈ కళ్ళ గొడవ తగ్గదా?

కంటిపాప_లక్ష్మి

తగ్గొచ్చు, పూర్తిగా పోదు. చేతులు తెరిచి పట్టుకోవాల్సిన ఆట కదా. నన్నడిగితే మొదటి వేలికే పాయింటు కోస్తే వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. హెచ్చరికలతో ఎవరూ మారరు, మా వార్డులో విజిటర్లతో సహా.

బరిగీత

తాలీం తమ్ముడూ, నీ రీమ్యాచ్ ఇప్పుడైనా పెట్టుకోవచ్చుగా? ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారా?

తాలీం_తమ్ముడు

ఒకే ఊరే అన్నా. అడిగాను కూడా. వాడిప్పుడు 91 కిలోలు, నేను 78. నువ్వు ఎక్కు అంటాడు వాడు, నువ్వు దిగు అంటాను నేను. పోయిన నెల వాళ్ళ బాబు బారసాలకి వెళ్తే అక్కడా ఇదే పంచాయితీ. వాళ్ళమ్మ విని, ఏం మాట్లాడకుండా ఇద్దరి ప్లేట్లలో ఇంకో గరిటె డబల్ కా మీఠా వేసి వెళ్ళిపోయింది.